నేను తుడిచేసిన ఎర్రచుక్క

పాత టర్న్‌టేబుళ్ళు, అంటే రికార్డు ప్లేయర్లు, బాగుచేసే పని నేర్చుకుంటున్న కుర్రవాళ్ళు, ఆడపిల్లలు ఈ మధ్య నాకు ఫోన్ చేస్తుంటారు. "ఆంటీ, ముందు ఏం మార్చాలి? కెపాసిటర్లా, వైర్లా?" అని అడుగుతారు. తెలిసింది చెబుతాను. చెప్పడం అయ్యాక, తీరిక ఉంటే నేను చేసిన ఒక తప్పు గురించి కూడా వినండి అంటాను. సగం మందికి సరిగ్గా అప్పుడే వేరే పని గుర్తొస్తుంది. అందుకే ఇలా రాసి పెడుతున్నాను. ఎప్పుడు తీరితే అప్పుడు చదువుకోండి.

మాది తెనాలి దగ్గర. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, వైమానిక దళంలో ఉద్యోగం చేసే ఆయన్ని పెళ్ళాడి ఢిల్లీ కంటోన్మెంటుకి వచ్చాను. ఫరీదాబాద్‌లో టేప్‌రికార్డర్లకు చిన్న మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో, మోటార్లు పరీక్షించే గదిలో చాలా ఏళ్ళు పనిచేశాను. టేపుల కాలం వెళ్ళిపోయింది, దాని వెనకే ఫ్యాక్టరీ కూడా. అక్కడ మా మీటర్లు బాగుచేయడానికి వచ్చే ఒక సర్దార్జీ ఢిల్లీ పక్కనే వైశాలిలో ఒక బేస్‌మెంటు అద్దెకు తీసుకుని, పాత టర్న్‌టేబుళ్ళు బాగుచేసే వర్క్‌షాపు పెట్టారు. "బెహన్‌జీ, మోటారు చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తారు. ఇంట్లో కూర్చుని మిక్సీ చప్పుడు వింటారా ఇక?" అని పిలిచారు. వెళ్ళాను. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను.

వర్క్‌షాపులో ముగ్గురమే. ఆంప్లిఫైయర్లు, వచ్చినవాళ్ళతో మాటలు, టీ పెట్టడం సర్దార్జీ చూసుకునేవారు. మా చేతి టీ ఆయనకు నచ్చదు. రెండో ఆయన పాత ఢిల్లీలో జీవితమంతా గడియారాలు బాగుచేసిన పెద్దాయన. చాచా అనేవాళ్ళం. ముల్లు పట్టుకుని ఉండే చేయి, దాని సన్నటి బేరింగులు, వెంట్రుక లాంటి తీగలు ఆయన పని. మోటారు, దాన్ని నడిపే సర్క్యూటు నా పని.

మా దగ్గరకు వచ్చేవాటిలో ఎక్కువ డైరెక్ట్ డ్రైవ్ యంత్రాలు. అంటే మోటారుకీ పళ్ళేనికీ మధ్య బెల్టు ఉండదు. రికార్డు పెట్టే పళ్ళెమే మోటారులో తిరిగే భాగం. నలభై ఏళ్ళ కింద జపాన్‌లో చేసిన ఆ మోటార్లు ఇప్పటికీ తిరుగుతున్నాయంటే చేసినవాళ్ళకు దండం పెట్టాలి. మోటారుకు వయసు రాదు, దాని చుట్టూ ఉన్నవాటికి వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ని లోపలి నుంచి తీసి వేరే డబ్బాలో దూరంగా పెడితే గుయ్యిమనే రొద పోతుంది. ఎండిపోయిన కెపాసిటర్లు మారిస్తే వేగం నిలకడగా ఉంటుంది. అడుగున బోలుగా మోగే చోట్ల మెత్తటి ముద్ద కూరితే కంపనం తగ్గుతుంది. మిగిలినదంతా ఓపిక.

ఓపిక నాకు బాగానే ఉండేది. దానితోపాటు కొంచెం గీర కూడా ఉండేది. నా చేతి నుంచి వెళ్ళిన యంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు కంటే బాగుండాలి. లోపలే కాదు, పైకి కూడా. జిడ్డు, గీతలు, మరకలు ఏవీ ఉండకూడదు. సర్దార్జీ నవ్వేవారు. "పెళ్ళికూతుర్ని చేసి పంపిస్తున్నారు" అనేవారు. అది మెచ్చుకోలు అనుకునేదాన్ని.

ఒకరోజు నేను సెలవులో ఉన్నప్పుడు ఒక యంత్రం వచ్చింది. మర్నాడు బల్లమీద ఉంది, పైన సర్దార్జీ చీటీ. 'రొద వస్తోంది. వీలైనంత బాగా చేయాలట. రిటైర్డ్ సుబేదార్ గారిది, మీ తెలుగువాళ్ళే.' నేను చదివింది అంతే. ఆ మనుషులు ఎవరో, ఏం వింటారో నేను అడగలేదు. మూత తీసి లోపలికి చూశాను, చూడగానే ఆ యంత్రం మీద ప్రేమ పుట్టింది. ఎంత జాగ్రత్తగా వాడారో! స్క్రూలు కూడా ఎవరూ తిప్పినట్టు లేవు.

దానికి కుడిపక్కన, సన్నటి గాడిలో జరిగే మీట ఒకటి ఉంది. వేగాన్ని కొంచెం పెంచడానికి, తగ్గించడానికి. మీట మధ్యలో ఉంటే వేగం కచ్చితంగా ఉంటుంది. ఇది మధ్యలో లేదు, కిందికి జరిగి ఉంది. దాని కింద కార్బన్ పట్టీ అరిగిపోయి, వేగం సన్నగా వణుకుతోంది. ఇలాంటి మీటలు మా పనిలో పెద్ద తలనొప్పి. మంచి శబ్దం కోరేవాళ్ళలో చాలామంది దాన్ని సర్క్యూటు నుంచే తప్పించమంటారు. అప్పుడు మోటారు ఎప్పుడూ ఒకే వేగానికి, క్వార్ట్జ్ గడియారంలా, కట్టుబడి ఉంటుంది. నేనూ అదే చేశాను. మీట పీకేశాను. గాడి బోసిగా కనిపించకుండా నల్లటి రేకు కోసి అతికించాను. గాడి పక్కన ఒక చిన్న ఎర్రటి మరక ఉంది. ఏదో రంగు పడిందనుకుని థిన్నరుతో తుడిచేశాను. రెండుసార్లు రుద్దితే గానీ పోలేదు. పోయాక ఎంత తృప్తిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది.

పీకేసిన మీట తుక్కు సంచిలో పడేశాను. ఆ వారమే పాత సామాన్లు కొనే కబాడీవాడు వచ్చి సంచి పట్టుకెళ్ళాడు.

యంత్రం తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు వాళ్ళిద్దర్నీ మొదటిసారి చూశాను. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి, ఫిరంగి దళంలో చేసి రిటైరయ్యారు. ఫిరంగుల మోతకు చెవులు దాదాపు పోయాయి. అందుకని గట్టిగా మాట్లాడేవారు. ఆవిడ డెబ్బై దాటినావిడ, మెడకు సన్నటి స్కార్ఫు చుట్టుకున్నారు. ఆవిడ గొంతు గుసగుస కంటే పైకి రాదు. గొంతుకు ఆపరేషన్ అయిందని తరవాత తెలిసింది. ఆవిడ పెదవులు చూసి ఆయన మాట పట్టుకునేవారు, అది మాకు కేక వేసి చెప్పేవారు.

"రొద పోయిందేటమ్మా?" అని ఆయన అడిగారు.

"పోయింది బాబాయిగారూ. ఇంకా చాలా చేశాను" అని, చేసినవన్నీ ఏకరువు పెట్టాను. పళ్ళెం అంచున ఉండే చుక్కల వరుస చూపించాను. వేగం కచ్చితంగా ఉంటే ఆ చుక్కలు దీపం వెలుతురులో కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. మా దగ్గరున్న వాద్యసంగీతం రికార్డు ఒకటి వేశాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు, బాగుందన్నట్టు తల ఊపారు. గాడి ఉన్నచోట ఒకసారి వేలితో తడిమారు. నా మాటల జోరులో ఏమనాలో ఆవిడకు తోచి ఉండదు.

వారం తిరక్కుండా ఇద్దరూ యంత్రంతో సహా వచ్చారు. ఈసారి ఆవిడ చేతిలో ఒక డిస్కు ఉంది, కాగితపు సంచిలో, పైన పాత గుడ్డ చుట్టి. అది ఫ్యాక్టరీలో అచ్చైన రికార్డు కాదు. పాడుతుంటే నేరుగా కోసిన డిస్కు. ప్రపంచంలో అలాంటిది అదొక్కటే. ముల్లు నడిచిన ప్రతిసారీ ఇంకొంచెం అరుగుతుంది.

దాన్ని ఆవిడే పెట్టారు. శ్రుతి వినిపించింది, తరవాత ఒక అమ్మాయి గొంతు. కీర్తన. లేత గొంతు, చురుగ్గా, స్వచ్ఛంగా ఉంది. రెండు పంక్తులు కాగానే ఆవిడ ముల్లు ఎత్తేశారు.

"ఇది నా గొంతు కాదమ్మా" అన్నారు గుసగుసగా.

అప్పుడే తెలిసింది, పాడింది ఆవిడేనని. నేను చుక్కల వరుస చూపించాను. నిలబడి ఉన్నాయి. "వేగం కచ్చితంగా ఉంది పిన్నిగారూ. ఇంతకంటే కచ్చితంగా ఉండదు. చాలా ఏళ్ళు తేడాగా విన్నారు కదా, అలవాటు పడటానికి కొన్నాళ్ళు పడుతుంది" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "వయసుతో చెవి కూడా మారుతుంది కదండీ" అన్నాను.

ఆవిడ నా మొహం వంక చూశారు. వాదించలేదు. వాదించడానికి గొంతు ఉండాలి కదా. డిస్కు మళ్ళీ గుడ్డలో చుట్టుకున్నారు. ఆయన "ఏటంటోంది? ఏటైంది?" అని అడుగుతూనే ఉన్నారు, ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కారు. యంత్రాన్ని సర్దార్జీ ఆటోలో పెట్టి వచ్చారు.

చాచా తల ఎత్తకుండా తన పని చేసుకుంటున్నారు. వాళ్ళు వెళ్ళాక హిందీలో నెమ్మదిగా అడిగారు. "బేటీ, ఆ మీట ముందు ఎక్కడ ఉండేది?"

"కిందికి జరిగి ఉండేది."

"దాని పక్కన ఎర్రగా ఏదో ఉండేది కదా. ఏమిటది?"

"ఏదో మరక చాచా. తుడిచేశాను."

"అచ్ఛా" అన్నారాయన. కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి జేబులో వేసుకున్నారు. "మా దగ్గరకు వచ్చే పాత గడియారాల వెనక మూత లోపల ఎవరో ఒకరు గీసిన గుర్తులు ఉంటాయి. అవి ఏమిటో తెలిసేదాకా నేను తుడవను."

ఆ మరక అంచులు గుండ్రంగా ఉన్నాయి. పొరపాటున పడిన రంగు అంత గుండ్రంగా ఉండదు. అది గోళ్ళరంగు. ఎవరో కావాలని, సరిగ్గా మీటకు ఎదురుగా పెట్టిన చుక్క. వచ్చిన ప్రతి యంత్రానికీ విప్పక ముందే ఫోటోలు తీయాలనే నియమం మేం పెట్టుకున్నది ఆ తరవాతే. మీరు ఇప్పుడు తీస్తున్న ఫోటోలు అలాంటి బుద్ధితక్కువ పనుల నుంచి పుట్టినవేనని తెలుసుకోండి.

సర్దార్జీ నన్ను ఓదార్చబోయారు. "వేరే పాత యంత్రంలోంచి మీట తీసి బిగిద్దాం. ఆవిడకు నచ్చిన చోట పెట్టుకుంటారు. పడేశామని చెప్పడం ఎందుకు? ఊరికే బాధపడతారు." ఆయన చెడ్డవారు కారు, నన్ను కాపాడాలనుకున్నారు. కానీ ఫ్యాక్టరీలో పనిచేసినన్ని రోజులూ నేను పాసైందనో ఫెయిలైందనో సంతకం పెట్టే మనిషిని. ఫెయిలైన మోటారు మీద పాసని రాయడం నాకు చేతకాలేదు.

మర్నాడు పాత మీట ఒకటి, పనిముట్లు పట్టుకుని వాళ్ళ ఫ్లాటుకి వెళ్ళాను. వైశాలిలోనే, మెట్రో దిగి పది నిమిషాలు నడిస్తే వస్తుంది. తలుపు తీసింది ఆయన. "రా రా, టీ తాగుతావేటి?" అన్నారు. ముందు చెప్పనివ్వండన్నాను. ఆవిడ ఎదురుగా కూర్చుని చెప్పాను. మీట పీకేశాను, పారేశాను, చుక్క తుడిచేశాను, అడగకుండా చేశాను, మీరు చెబితే నమ్మలేదు.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళారు. లోపల గిన్నె చప్పుడు కూడా కాలేదు. ఆయన నా మొహం, వంటింటి గుమ్మం మార్చి మార్చి చూస్తున్నారు. నేను అక్షరం అక్షరం పెదవులు కదిలిస్తూ మళ్ళీ చెప్పాను. ఆయనకు అర్థమైంది. మొదటిసారి ఆయన గొంతు తగ్గింది.

"అయ్యో" అన్నారు. అంతే.

ఆవిడ తిరిగి వచ్చి కూర్చున్నారు. గుసగుసగా, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పారు. పెళ్ళైన కొత్తలో, ఆయనకు సికింద్రాబాద్‌లో పోస్టింగ్ ఉన్నప్పుడు, ఒక దుకాణంలో ఆ డిస్కు కోయించారు. దుకాణంవాడి యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగేదట. అందుకని దాన్ని కచ్చితమైన వేగంలో వేస్తే గొంతు సన్నబడి పాట పరుగెడుతుంది. ఇరవై ముప్పై ఏళ్ళ కింద ఈయన విదేశం నుంచి ఈ టర్న్‌టేబుల్ తెచ్చాక, ఆవిడ ఒక మధ్యాహ్నం కూర్చుని, డిస్కుతో పాటు తానూ పాడుతూ, రెండు గొంతులూ కలిసేదాకా మీట జరిపారు. కలిసినచోట గోళ్ళరంగుతో చుక్క పెట్టారు. తరవాత గొంతులో గడ్డ, ఆపరేషన్. అప్పటి నుంచి నెలకొకసారి, ఒక్కసారే, ఆ డిస్కు వినేవారు.

"నా గొంతుండగా పెట్టుకున్న గుర్తమ్మా అది" అన్నారు. "ఇప్పుడు దేంతో సరిచూసుకోను?"

తెచ్చిన మీట బిగించాను. ఆవిడ డిస్కు పెట్టి మీట జరిపారు, ఒకచోట ఆపారు. మళ్ళీ మొదటి నుంచి పెడితే ఇంకోచోట ఆగారు. మూడోసారి మరోచోట. మూడు చోట్లా కొంచెంసేపు ఇదే అనిపిస్తోందట, అంతలోనే కాదనిపిస్తోందట. ముల్లు ఎత్తి డిస్కు గుడ్డలో చుట్టేశారు.

"చాలమ్మా. అరిగిపోతుంది."

కంప్యూటర్లోకి ఎక్కించి వేగం మార్చొచ్చు కదా అని మీరు అడుగుతారు. మార్చొచ్చు. ఎంతకు మార్చాలో కంప్యూటరు కూడా మనల్నే అడుగుతుంది.

ఆ రెండు రోజులు వర్క్‌షాపులో నేను ఏ యంత్రమూ ముట్టలేదు. ఊడ్చిన బల్లే మళ్ళీ ఊడ్చాను. సర్దార్జీ టీలో అల్లం ఎక్కువ వేసి ఇచ్చారు. ఆయన సానుభూతి అలాగే ఉంటుంది.

మూడో రోజు పొద్దున మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. సుబేదార్ గారు. ఒక్కరే వచ్చారు. చంకలో దుప్పటి చుట్టిన చెక్కపెట్టె. దాన్ని నా బల్లమీద దించి, ఊపిరి పీల్చుకుని, దుప్పటి విప్పారు. పాతకాలపు శ్రుతిపెట్టె. గాలి కొట్టే తిత్తిని ఒకవైపు ఎలుకలు కొరికేశాయి.

"ఆ పొద్దు ఈ పెట్టే వాయించారు రికార్డులో. స్టేషన్ కాడ నుంచి దుకాణం దాకా నానే మోసుకెళ్ళాను. బాత్రూం మీద అటకలో ఉంది ఇన్నాళ్ళూ. ఆవిడ గొంతు పోయాక చూడలేక ఎక్కించేసింది" అన్నారు. "నాకు చెవులు లేవు, మీ ఇద్దరి గొడవ నాకు తెలీదు. పనికొస్తాదేటి?"

నాకు అప్పుడు వెలిగింది. శ్రుతిపెట్టెలో ఇత్తడి రేకులు ఉంటాయి. గాలి తగిలితే అవి పలుకుతాయి. తీగ అయితే వదులవుతుంది, గొంతు అయితే మారుతుంది. ఇత్తడి రేకు మాత్రం, ఎవరూ వేలు పెట్టకపోతే, యాభై ఏళ్ళైనా దాదాపు అదే స్వరం పలుకుతుంది. రికార్డులో కీర్తన మొదలవక ముందు నుంచే, ఆవిడ గొంతు కింద ఆ శ్రుతి ఉంది. ఆ శ్రుతీ, ఈ పెట్టె శ్రుతీ ఒకటయ్యే వేగం ఏదో, అదే ఆ డిస్కు కోసిన వేగం.

సర్దార్జీకి హిందీలో చెప్పాను. ఆయన సుబేదార్ గారికి నిలబడి సెల్యూట్ చేశారు. సుబేదార్ గారికి అది ఎందుకో అర్థం కాలేదు, అయినా తిరిగి సెల్యూట్ చేశారు.

పెట్టె విప్పాను గానీ, లోపల శుభ్రం చేయడానికి నాకు చేతులు రాలేదు. రేకుల మీద నల్లటి మకిలి ఉంది. ఒక వారం ముందైతే తళతళలాడేలా రుద్దేసేదాన్ని. రుద్దితే రేకు మందం తగ్గుతుంది, స్వరం మారుతుంది. అందుకని ఊదితే పోయే దుమ్ము మాత్రమే పోనిచ్చాను, మిగతాది అలాగే ఉంచాను. తిత్తికి చాచా పలుచటి మేకతోలు తెచ్చి, గడియారాలకు వాడే సన్నటి పట్టకారుతో అంచులు లోపలికి మడిచి అతికించారు. జిగురు ఆరడానికి ఒక రోజంతా వదిలేశాం. ఆ రోజు ఆయన నాలుగుసార్లు లేచి వెళ్ళి దాని మీద చెయ్యి పెట్టి చూసి వచ్చారు.

ఆదివారం పొద్దున ముగ్గురమూ వాళ్ళ ఇంటికి వెళ్ళాం. బాల్కనీ నుంచి ఎండ నేరుగా హాల్లోకి వస్తోంది. ఆవిడ శ్రుతిపెట్టెను చూసి కాసేపు దగ్గరకు రాలేదు. తరవాత వచ్చి చాపమీద కూర్చుని, ఏ రేకులు తెరవాలో చూడకుండానే వేళ్ళతో తెరిచారు. తిత్తి నొక్కారు. పెట్టె ఒక్క క్షణం దగ్గినట్టు అని, పలికింది. ఆవిడ పెదవులు బిగించుకున్నారు.

"పెట్టమ్మా" అన్నారు నాతో.

మీట మధ్యలో ఉంచి ముల్లు దించాను. రెండు శ్రుతులూ ఒకేసారి వినిపించాయి, కలవలేదు. దగ్గరగా ఉండి కలవని రెండు స్వరాల మధ్య ఒక అల లేస్తుంది. వావ్, వావ్, వావ్ అని గబగబా కొట్టుకుంటుంది. అందరికీ వినిపించింది. పాట మొదలవగానే ముల్లు ఎత్తేశాను. డిస్కు అరగకూడదు.

రెండోసారి మీట కిందికి జరిపాను. అల నెమ్మదించింది. మూడోసారి ఇంకొంచెం. అల సాగింది, ఊపిరి తీసి వదిలినంత సేపు. చాచా ఒక వేలు ఎత్తి గాలిలో ఆ అలతో పాటు ఆడిస్తున్నారు. నాలుగోసారి ఎక్కువ జరిపేశాను, అల మళ్ళీ తొందరపడింది.

"వాపస్, బేటీ, ఇంచుక వాపస్" అన్నారు చాచా. నా నోటి నుంచి విని నేర్చుకున్న 'ఇంచుక' అన్న మాట ఆయనకు ఎందుకో ఇష్టం.

వెంట్రుకవాసి వెనక్కి జరిపి, అయిదోసారి ముల్లు దించాను. అల లేదు. ఏది పెట్టెలోంచి వస్తోందో, ఏది రికార్డులోంచి వస్తోందో తెలియలేదు. గదిలో ఒకే స్వరం నిండింది. ఆ స్వరం మీద అమ్మాయి పాడటం మొదలుపెట్టింది. వర్క్‌షాపులో విన్న గొంతు కాదు. కొంచెం బరువుగా, నిదానంగా, తొందర లేకుండా ఉంది. ఇరవై ఏళ్ళ అమ్మాయే, కానీ తను ఎవరో తెలిసిన అమ్మాయి.

ఆవిడ తిత్తి నొక్కడం ఆపేశారు.

"ఇదే" అన్నారు. ఆ మాటకు ఆవిడకు గుసగుస కూడా సరిగ్గా రాలేదు.

అది ఆ రోజు ఆవిడ ఆగిన మూడు చోట్లలో ఏదీ కాదు. ఆవిడ నన్ను క్షమించారన్న గుర్తు కూడా నాకు అక్కడే దొరికింది. ముల్లు ఎత్తి, లోపలికి వెళ్ళి గోళ్ళరంగు సీసా తెచ్చి, నా చేతిలో పెట్టకుండా తానే చుక్క పెట్టుకున్నారు. "దీన్ని తుడవకు" అని నవ్వారు. తల వంచుకున్నాను. సర్దార్జీ హిందీలో, "దీన్ని తుడిస్తే నేనే బెహన్‌జీని కబాడీవాడికి ఇచ్చేస్తాను" అన్నారు.

రంగు ఆరిన తరవాత డిస్కు మొదటి నుంచి పెట్టారు, ఈసారి ఆపకుండా. సుబేదార్ గారు కుర్చీ లాక్కుని ఆవిడ పక్కనే కూర్చున్నారు. ఆయనకు ఏమీ వినిపించదు, ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నారు. కీర్తన అయిపోయింది. రెండో పాటకు ముందు కొద్దిసేపు ఖాళీ ఉంది. ఇన్నేళ్ళూ ఆ ఖాళీలో యంత్రం రొద తప్ప ఏమీ వినిపించేది కాదట. ఇప్పుడు రొద లేదు. ఆ నిశ్శబ్దంలో, దూరంగా, ఎవరో మగమనిషి గొంతు సవరించుకోవడం స్పష్టంగా వినిపించింది.

ఆవిడ ఉలిక్కిపడి భర్త వైపు తిరిగారు. "మీరే! మీరు దగ్గారు!"

"ఏటి?"

"లోపలే ఉన్నారు మీరు! బయట మెట్లమీద కూర్చున్నానన్నారు, బూట్లు చప్పుడు చేస్తాయని పంపేశారన్నారు. యాభై ఏళ్ళుగా అదే చెబుతున్నారు!"

ఆయన పెదవులు చదివి, కాసేపు మా అందరి వంకా చూశారు. దొరికిపోయిన మొహం. "తలుపు సందులోంచి వచ్చి నిలబడ్డానే. నువ్వు చూస్తే పాడలేవని చెప్పలేదు" అన్నారు, ఎప్పటిలా కేకవేసి. "వినపడిపోయిందేటి ఇప్పుడు?"

ఆవిడ నవ్వుతూ తల ఊపారు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. అంతలో రెండో పాట మొదలైంది, లాలిపాట. ఆవిడ ఆయన చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, మణికట్టు మీద తాళం వేయడం మొదలుపెట్టారు. ఆయన కాసేపు ఆ వేళ్ళనే చూశారు. తరవాత ఆయన రెండో చెయ్యి మోకాలి మీద అదే తాళం అందుకుంది. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

మా ముగ్గురి చేతుల్లోనూ టీ చల్లారిపోయింది. పాట అయిపోయింది, ముల్లు చివరి గాడిలో తిరుగుతోంది, లేచి ఎత్తాలని నాకు తోచలేదు. ఆ రెండు చేతులూ ఇంకో ఆవర్తం తాళం వేసి, అప్పుడు ఆగాయి.